పన్నెండు రాళ్ళ లెక్క

మా హోసూరు మిత్రులొకరు నిరుడు ఆస్ట్రేలియాలో కొడుకు దగ్గర నాలుగు నెలలుండి వచ్చారు. కొడుకు, కోడలు, ఇద్దరు మనవళ్ళు, ఎనభై దాటిన తమ తల్లితో సహా మెల్‌బోర్న్ నుంచి అడిలైడ్ దాకా సముద్రతీరం వెంబడి తొమ్మిది రోజులు కారులో తిరిగారు. ఆ ప్రయాణాన్ని తొంభై పేజీల పుస్తకంగా సొంత ఖర్చుతో అచ్చువేయించి నా చేతికిచ్చారు. పేరు చెబితే మొగమాటం అడ్డొస్తుంది గనుక చెప్పను. మెచ్చుకోలు మాత్రమే రాయలేనంటే నవ్వి, "రాయండి సార్" అన్నారు.

పుస్తకం నిండా లెక్కలే. పెట్రోలు, బస, పిల్లల చిరుతిళ్ళు అన్నీ డాలర్లలోనూ రూపాయల్లోనూ ఉన్నాయి. అది దోషమని కొందరంటారు. ముప్పయ్యేళ్ళు బ్యాంకు ఉప్పు తిన్న నేను అనలేను. మనలాగే అరవదేశంలో బతికిన ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుంచి ఇంటివాళ్ళతో, పరివారంతో కాశీకి బయలుదేరి, దారిలో బస ఎక్కడ, నీళ్ళెట్లా, ఏ సామాను దొరుకుతుంది అని రాసుకుంటూ పోయాడు. అయితే ఆయన లెక్కలో ఆయా ఊళ్ళ మనుషులు కూడా కనిపిస్తారు. మన మిత్రులు సొంత ఖర్చు రాసి ఎదుటి పద్దు వదిలేశారు.

'ట్వెల్వ్ అపోజల్స్' అనే సున్నపురాతి స్తంభాల దగ్గర "పన్నెండింటినీ కన్నులారా చూశాం" అని రాశారు. పేరే పన్నెండు, అక్కడ పన్నెండు ఎన్నడూ లేవు. 2005లో ఒకటి కూలిపోయింది కూడా. కట్ట మీద వంద అని రాసుందని నోట్లు లెక్కపెట్టకుండా తీసుకునే క్యాషియరును ఏమంటాం? దగ్గర్లోనే లండన్ బ్రిడ్జ్ అనే రాతి వంతెన 1990లో సగం కూలిపోతే, ఆ చివర నిలిచిపోయిన ఇద్దరిని హెలికాప్టరులో దించవలసి వచ్చింది. ఆ రాళ్ళను చెక్కిందీ కూలుస్తున్నదీ ఒకే సముద్రం. పుస్తకంలో అది ఫొటోల వెనక తెరగానే మిగిలింది.

భాష విషయంలో నాకు కోపమే వచ్చింది. మనవడు "తాతగారూ, ఈ సాగర సౌందర్యం వర్ణనాతీతం" అంటాడు! ఆ పిల్లవాణ్ణి మా ఇంట్లో చూశాను. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో వస్తుంది. అది అట్లాగే రాస్తే ఏం? ఆయన కూడా మా ఊరి మాట విడిచి పత్రికల తెలుగు తొడుక్కున్నారు. 2006లో తమిళం తప్పనిసరి చేసిన చట్టం వచ్చాక మా పిల్లలకు బడిలో తెలుగు ఎంత కష్టమైందో ఆయనకు నాకంటే బాగా తెలుసు. నోట్లో మిగిలినదాన్ని అచ్చువేయడానికి మనమే సిగ్గుపడితే ఎట్లా?

చివరి ఆరు రోజులు గాలి, గొర్రెలు, మోటళ్ళు. త్వరగా తిప్పేయవచ్చు.

కానీ ముప్పై ఒకటో పేజీ దగ్గర నేను ఆగిపోయాను. గ్రేట్ ఓషన్ రోడ్డు మీద ఈస్టర్న్ వ్యూ దగ్గరున్న స్మారక తోరణం కింద కారు ఆపితే, ఆ పెద్దావిడ "ఇంత దోవ వేసినోళ్ళు ఎవురు నాయనా?" అని అడిగింది. "గవర్నమెంటమ్మా" అన్నారు మనవారు. వెంటనే ఐస్‌క్రీము.

ఆమె అడిగినదానికి జవాబుంది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు, సుమారు మూడువేల మంది, చనిపోయిన తోటివాళ్ళ జ్ఞాపకంగా 1919 నుంచి 1932 దాకా పలుగూ పారతో కొండ అంచులు తొలిచి ఆ రోడ్డు వేశారు. 1936లో ప్రభుత్వం చేతికి వచ్చేదాకా దానిమీద సుంకం కూడా వసూలు చేశారు. అంతకు ముందు తరతరాలుగా ఓట్వే ప్రాంతంలో బతికిన గదుబనుడ్ ప్రజల ఊసు పుస్తకంలో ఎక్కడా లేదు. ఇంటిల్లిపాదిలో సరైన ప్రశ్న వేసింది ఆ ముసలమ్మ ఒక్కతే. పుస్తకం మొత్తంలో మా హోసూరు మాట ఉన్నదీ ఆ ఒక్క వాక్యంలోనే.

ఈ సంగతే మిత్రులతో అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "అమ్మ మాటలు డైరీలో ఇంకా ఉండాయి సార్. పల్లెభాష అని తీసేస్తిని" అన్నారు. ఆ డైరీ ఒకసారి ఇమ్మని అడిగాను. ఇంకా ఇవ్వలేదు.