గురువారాన్ని చూసి చెప్పే లెక్క

తెనాలి, బాపట్ల, రేపల్లె నుంచి వెళ్లి సాఫ్ట్‌వేర్ రాస్తున్న మన పిల్లల పనుల్లో నాకు మహా ఇష్టమైనది ఒకటుంది: వారం ఏ సంవత్సరానిదో తేల్చడం. తేదీలు రాసే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8601 ప్రకారం వారం సోమవారంతో మొదలవుతుంది. అందులోని గురువారం ఏ సంవత్సరంలో పడితే వారమంతా దానిదే. సూర్యోదయానికి ఉన్న తిథే ఆ రోజంతటికీ పేరైనట్టు! అందుకే 2025 డిసెంబరు 29, సోమవారం, 2026లోని మొదటి వారానికి చెందుతుంది. 2027 జనవరి 1, శుక్రవారం, ఇంకా 2026లోని 53వ వారమే. జావా ప్రోగ్రామింగ్ భాషలో తేదీ రూపం రాసేటప్పుడు చిన్న వై (y) మామూలు సంవత్సరం, పెద్ద వై (Y) వారపు సంవత్సరం, అంటే ఆ వారం చెందే సంవత్సరం. తేదీ చూపేచోట పెద్దది పడితే ఆ డిసెంబరు 29 కాస్తా ఏడాది ముందుకు దూకేస్తుంది; ఏడాది మారే రోజుల్లో తప్ప ఆ తప్పు కంటపడదు కూడా. అందుకే తెలిసిన చేయి వారం సంఖ్య పక్కన వారపు సంవత్సరాన్నే ఉంచుతుంది. డిసెంబరు చివరి మూడు రోజులు, జనవరి మొదటి మూడు రోజులు పెట్టి పరీక్షిస్తుంది. ఈ పద్ధతిలో తేడా రాగలిగేది ఆ ఆరు రోజుల్లోనే. ఎంత ఓపిక కావాల్సిన పని! జర్మనీలో సరుకు ఎప్పుడొస్తుందో వారం సంఖ్యతోనే చెప్పుకుంటారు. బాపట్లలో చదివిన అమ్మాయి ఈ లెక్క సరిగ్గా రాస్తే అక్కడి గోదాములో సరుకు అనుకున్న వారానికే దిగుతుంది. వారం కూలి తీసుకునే మనిషికి ఏడాది మారే వారం రెండు ముక్కలు కాకుండా ఒకే చీటీలో వస్తుంది.