వెలిగిన దీపమే సాక్ష్యమా?

అమీర్‌పేట నుండి మధురానగర్ మీదుగా జూబ్లీహిల్సుకు పోవు కారు క్షణము కదలి, క్షణము ఆగుచుండును. ఇట్టి బాటలో తనంత తానే గేరు మార్చుకొను కారు పెద్ద ఊరట. మన దేశమున 2014లో మారుతి సెలేరియో వచ్చిన తరువాత ఈ వసతి మధ్యతరగతి ఇండ్లకును చేరినది. కాని గేర్లను శాసించు ఎలక్ట్రానిక్ యూనిటును పాత పనిముట్లతో పరీక్షించుట ఎంతవరకు సబబు?

జనరల్ మోటార్సు సంస్థ 1939లో ప్రవేశపెట్టిన హైడ్రామాటిక్ గేర్లపెట్టెలో నూనె ఒత్తిడియే గేరును నిర్ణయించెడిది. నేటి కారులలో వేగమును, యాక్సిలరేటరు స్థితిని, నూనె వేడిమిని సెన్సార్లు తెలుపగా, కంట్రోలు యూనిటు లెక్కకట్టి సాలినాయిడు కవాటములకు విద్యుత్తు పంపును.

దీనిని పరీక్షించు మొదటి పద్ధతి టెస్టు లాంపు. 5 వాట్ల బల్బు 12 వోల్టుల వద్ద సుమారు 0.4 ఆంపియరు తీసుకొనును. కొలది మిల్లీ ఆంపియర్లతో పనిచేయు సెన్సారు తీగకు దానిని తగిలించినచో లోపలి భాగములు చెడవచ్చును. దోషమును వెదకబోయి కొత్త దోషమును తెచ్చుకొనుట ఇదియే. బల్బు వెలిగినను తీగలో వోల్టేజి ఉన్నదని తెలియునే గాని, కవాటము కదలినదని తెలియదు.

రెండవది, యూనిటును ఊడదీసి బల్లమీద పరీక్షించుట. ఇది మేలైన పద్ధతి; బల్లమీది యూనిటు ఎవరినీ గుద్దదు. కరెంటుకు హద్దు విధించు పవర్ సప్లయి, ఫ్యూజు ఉండవలెను. సాలినాయిడుకు బదులు 12 ఓముల రెసిస్టరు పెట్టినచో 12 వోల్టుల వద్ద 1 ఆంపియరు పారి, 12 వాట్ల వేడి పుట్టును. చిన్న రేడియో రెసిస్టరు మాడిపోవును. అయినను ఈ పద్ధతికి లోపము లేకపోలేదు. కరెంటు ఆగిన క్షణమున తీగచుట్టలో లేచు అధిక వోల్టేజి రెసిస్టరులో లేవదు. ఇంజను నుండి సందేశములు రానిచో మంచి యూనిటు సహితము దోషము ప్రకటించును. దానిని చెడినదని పారవేయుట అన్యాయము. అందుకే పరిశోధనాలయములలో కంప్యూటరు కారువలె నటించి, ఆ సందేశములన్నిటిని అందించును. ఫిలింనగరు సెట్టులో గోడ ఒక్కటే ఉన్నను కెమెరాకు ఇల్లుగానే తోచును గదా!

మూడవది, రోడ్డుమీద నడిపి చూచుట. ఇది చివరి పరీక్ష కావలెనే గాని మొదటిది కారాదు. తప్పు గేరు పడిన కారు బాటసారిని క్షమించదు. చోదకుడు లేని వాహనములకై హైదరాబాదు ఐ.ఐ.టి.లో 2022లో తిహాన్ పరీక్షాక్షేత్రమును తెరచుటలోని ఔచిత్యము ఇదియే: పొరపాటు జరుగవలసినచో జనులు లేనిచోట జరుగవలెను.

ఈ వివేకమును తరగతిలోనే నేర్పవచ్చును. అనేక కారులలో యూనిట్ల మధ్య సందేశములు మోయు తీగల జంటకు రెండు కొసల 120 ఓముల రెసిస్టర్లుండును. అవి సమాంతరముగా ఉన్నవి కావున, బ్యాటరీ తీగ విప్పి కొలిచినచో 60 ఓములు రావలెను; 120 వచ్చినచో ఒక కొస తెగినదని అర్థము. విద్యార్థులు రెండు రెసిస్టర్లతో దీనిని చేసి చూడవచ్చును. ఇంజను కదలలేదు, నిప్పురవ్వ లేవలేదు. దోషము మాత్రము బయటపడినది. మంచి పరీక్షకు ఇదియే గుర్తు.