ఎవరి గొంతు వారిదే

పెళ్లిచూపుల్లో అడిగే ప్రశ్నల్లో నాకు మొదటినుంచీ చిత్రంగా తోచేది ఒకటుంది. "అమ్మాయికి సంగీతం వచ్చా?" అని అడుగుతారు. వచ్చునంటే ఒక కీర్తన పాడించుకుంటారు, తలలూపుతారు, కాఫీలు తాగి వెళ్తారు. ఆ పిల్ల కాపురానికి వెళ్లాక ఆ సంగీతం ఏమైందని మాత్రం ఒక్కరూ అడగరు. హార్మోనియం అటకెక్కుతుంది. ఏ వ్రతం నాడో, ఏ సీమంతం నాడో పేరంటాళ్ల మధ్య పాట ఒక్కసారి బయటికొస్తుంది. "అబ్బ, ఎంత బాగా పాడారండీ, ఇన్నాళ్లూ చెప్పనేలేదే!" అంటారు. ఎవరడిగారు గనక చెప్పడానికి?

ఈ మాట ఎందుకెత్తానంటే, ఈ వేసవిలో మధ్యాహ్నాలు తలుపులు మూసుకుని భానుమతి పుస్తకాలు రెండూ మళ్లీ చదివాను. ఒకటి "అత్తగారి కథలు", రెండోది ఆమె ఆత్మకథ "నాలో నేను". మా నరసరావుపేట ఎండల్లో చదవడం కన్నా మంచి పని ఇంకేముంటుంది? చదివినకొద్దీ నాకు తోచిందేమిటంటే, భానుమతిని మనం గొప్ప నటి అనీ, కాస్త అహంభావి అనీ రెండు ముక్కల్లో తేల్చేశాం గానీ, ఆమె జీవితమంతా చేసిన పని ఒకటే: తన గొంతును ఇంకొకరికి ధారపోయకుండా కాపాడుకోవడం. ఆ పని ఎలా చేసింది, అందుకు ఏం వదులుకుంది అన్నదే ఇక్కడ నేను చూడదలచుకున్నది.

భానుమతి 1925లో ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టింది. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారికి సంగీతమంటే ప్రాణం, ఆయన దగ్గరే పాఠం. 1939లో సి. పుల్లయ్యగారి "వరవిక్రయం"లో కాళింది వేషంతో సినిమాకి వచ్చింది. కాళ్లకూరి నారాయణరావుగారి నాటకం తెలిసినవాళ్లకి కాళింది ఎవరో చెప్పక్కర్లేదు. కట్నమిచ్చి కొనుక్కొచ్చిన వరుణ్ణి చేసుకోలేక, కాదని గట్టిగా చెప్పనూలేక ప్రాణం తీసుకున్న పిల్ల. పదమూడు పద్నాలుగేళ్ల వయసులో భానుమతి మొదటి వేషం నోరు విప్పలేక చచ్చిపోయిన ఆడపిల్లది. ఇరవయ్యేడేళ్ల తర్వాత మా పల్నాటి కథలో ఆమె వేసిన వేషమేమో నోరు విప్పినందుకే నిందపడ్డ ఆడదానిది. ఈ రెంటి మధ్య దూరం చూస్తే చాలు, ఆమె ఎంత నడిచిందో తెలుస్తుంది. నాగమ్మ సంగతి తర్వాత చెబుతాను.

కూతురు సినిమాల్లో వేసినా హీరో ఆమెను ముట్టుకోరాదని తండ్రి షరతు పెట్టాడని చెప్పుకుంటారు. ఈ కాలం వాళ్లు నవ్వుతారేమో. కానీ ఆ షరతును భానుమతి మోసిన తీరు చూడండి. తండ్రి పెట్టిన హద్దును ఆమె క్రమంగా తన హద్దుగా చేసుకుంది. ఏ వేషం వెయ్యాలి, ఎన్ని గంటలకు రావాలి, పాట ఎవరు పాడాలి అన్నవి ఒకటొకటిగా తన చేతిలోకి తీసుకుంది. 1943లో సహాయ దర్శకుడుగా ఉన్న పి.ఎస్. రామకృష్ణారావుగారిని ప్రేమించి పెళ్లాడింది. పెళ్లయ్యాక సినిమాలు చాలిద్దామనే అనుకుంది. బి.ఎన్. రెడ్డిగారు పట్టుబట్టి "స్వర్గసీమ"లో వేయించారు. 1945లో ఆ సినిమా వచ్చాక పావురం పాట ఊరూరా మోగింది, ఇక ఇంట్లో కూర్చోవడం కుదర్లేదు. ఆ తర్వాత దంపతులిద్దరూ కలిసి కొడుకు పేరు మీద భరణీ సంస్థ పెట్టుకున్నారు. 1953లో "చండీరాణి"ని తెలుగు, తమిళం, హిందీ మూడింట్లోనూ ఆమే డైరెక్టు చేసింది. మరుసటేడు "చక్రపాణి"కి సంగీతం కూడా ఆమెదే. పాటలు రాసే కవయిత్రి కాదు గానీ, వరస కట్టి, పాడి, నటించి, కథ రాసి, సినిమా తీసిన ఆడది ఆ రోజుల్లో మన దేశంలోనే అరుదు.

ఇప్పుడు గొంతు సంగతికొద్దాం. ఆమె వచ్చిన కొత్తలో నటించేవాళ్లే పాడుకునేవాళ్లు. పదేళ్లు తిరక్కుండానే ప్లేబ్యాక్ స్థిరపడింది. తెర మీద ఒకరు పెదవులు కదిపితే వెనక ఇంకొకరు పాడటం మామూలైపోయింది. ఎస్. వరలక్ష్మిలాంటి ఒకరిద్దరు తప్ప హీరోయిన్లంతా అరువు గొంతుల్లోకి మారారు. అందులో తప్పేమీ లేదు. లీల, జిక్కి, సుశీల లాంటి గొంతులు మనకు దొరికింది ఆ పద్ధతి వల్లనే. కానీ ఆ పద్ధతి ఇంకో పని కూడా చేసింది. హీరోయిన్ అంటే ఇంత పలచగా, ఇంత తియ్యగా, ఇంత పైస్థాయిలో పాడాలి అని ఒక కొలత ఏర్పరిచింది. భానుమతి గొంతు ఆ కొలతకి లొంగదు. కాస్త బరువుగా, నిండుగా, కర్ణాటక సంగీతం గమకాలతో, అక్కడక్కడ కావాలనే విసురుగా ఉంటుంది. వినగానే "ఇది ఫలానా ఆవిడ" అని తెలిసిపోతుంది. మనసు బాగుండి పాడినా, కోపంలో పాడినా పాత్ర వెనకాల ఆ మనిషి దాక్కోదు.

ఇదే ఆమెలో లోపమని అనేవాళ్లున్నారు. "ఏ వేషం వేసినా భానుమతే కనిపిస్తుందండీ" అంటారు. నిజమే, కొన్ని సినిమాల్లో అది అడ్డొచ్చింది కూడా. అమాయకపు పల్లెపిల్లగా నమ్మించాల్సిన చోట కూడా ఆ కళ్లు "నాకన్నీ తెలుసులే" అంటున్నట్టుంటాయి. కానీ 1951లో వచ్చిన "మల్లీశ్వరి" చూడండి. అక్కడ ఆ లోపమే కథకు ప్రాణం పోసింది. కృష్ణశాస్త్రిగారి మాట, సాలూరి రాజేశ్వరరావుగారి వరస, భానుమతి పాట. కథ ఏమిటి? వానకి తడిసి సత్రంలో చేరిన ఒక పల్లెపిల్ల సరదాగా పాడి ఆడుతుంది. మారువేషంలో ఉన్న రాయలవారు వింటారు. బావ వేళాకోళానికి అన్న మాట నిజమై పల్లకీ గుమ్మంలోకి వస్తుంది. ఊరంతా అదృష్టమంటుంది. పిల్ల మాత్రం రాణివాసంలో బందీ అవుతుంది. బాగా పాడటమే ఆమె చేసుకున్న నేరం. నచ్చిన గొంతును మెచ్చుకుని ఊరుకోరు, పట్టుకుపోయి దాచుకుంటారు. ఆ సినిమాని అందరూ ప్రేమకథ అంటారు. నాకు మాత్రం అది గొంతు పోగొట్టుకున్న పిల్ల కథ లాగే కనిపిస్తుంది. ఊళ్లో పాడినప్పటి విచ్చలవిడితనం, కోటలో పాడినప్పటి బిగింపు, ఈ రెండూ భానుమతి గొంతులో వేరువేరుగా వినిపిస్తాయి. తన పాట తాను పాడుకోవడం వల్లనే అది సాధ్యమైంది.

"మిస్సమ్మ" గొడవ తెలియని తెలుగిల్లు లేదు. మొదట ఆ వేషం భానుమతిదే. కొంత చిత్రీకరణ కూడా అయింది. వ్రతం చేసుకుని ఆలస్యంగా వచ్చినందుకు చక్రపాణిగారు క్షమాపణ అడిగారనీ, ఆమె ససేమిరా అని వెళ్లిపోయిందనీ, ఆ వేషం సావిత్రికి వచ్చిందనీ కథ. 1955లో సినిమా వచ్చింది, తర్వాత జరిగిందంతా చరిత్ర. దీన్ని మన పెద్దవాళ్లు రెండు రకాలుగా చెబుతారు. "చూశావా, పొగరుకి పోతే ఎంత మంచి వేషం పోయిందో" అని ఒకటి. "భానుమతి తనని తాను చూసుకుంది, పాపం సావిత్రి చూసుకోలేకపోయింది" అని ఇంకొకటి. రెండోది వినడానికి బాగుంటుంది గానీ నాకు నచ్చదు. ఒక ఆడదాని బాధను ఇంకో ఆడదానికి పాఠంగా వాడటం మనకు బాగా అలవాటు. సావిత్రి కష్టాలకి కారణాలు సావిత్రివి. భానుమతి నిలబడటానికి కారణాలు భానుమతివి. వాళ్లిద్దరినీ తక్కెడలో పెట్టి తూచే హక్కు మనకెవరిచ్చారు? మిస్సమ్మ గొడవలో నాకు ముఖ్యంగా కనిపించేది వేరే. తప్పు చేశాననుకోని మనిషి క్షమాపణ చెప్పకపోతే ఏమవుతుంది? వేషం పోతుంది. డబ్బు పోతుంది. అంతకన్నా ఏమీ పోదు. భానుమతి ఆ లెక్క కట్టుకుంది, నష్టం తానే భరించింది, తర్వాత కూడా దాన్ని గురించి ఏడవలేదు. మనమైతే ఏ తప్పూ చెయ్యకుండానే రోజుకి పదిసార్లు "సారీ అండీ" అంటాం, కూరలో ఉప్పు తక్కువైనా, కరెంటు పోయినా!

ఇక మా నాగమ్మ. 1966లో గుత్తా రామినీడుగారు తీసిన "పల్నాటి యుద్ధం"లో రామారావుగారు బ్రహ్మనాయుడు, భానుమతి నాయకురాలు నాగమ్మ. అంతకు ముందు 1947లో వచ్చిన "పల్నాటి యుద్ధం"లో కన్నాంబగారు ఆ వేషం వేశారు. పల్నాటివాళ్లకి ఇది సినిమా కథ కాదు. గురజాల, మాచర్ల, కారంపూడి మాకు బస్సెక్కితే వచ్చే ఊళ్లు. కార్తీకమాసంలో కారంపూడిలో వీరుల ఉత్సవాలు జరుగుతాయి. శ్రీనాథుడిదని చెప్పే ద్విపద కావ్యం సంగతి తెలియని ముసలమ్మ కూడా కోడిపందెం కథ పూసగుచ్చినట్టు చెబుతుంది. ఆ కథలో బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టిన మహానుభావుడు, బాలచంద్రుడు వీరుడు, మాంచాల వీరపత్ని. నాగమ్మ మాత్రం కొంప ముంచింది! జిట్టగామాలపాడు నుంచి వచ్చి, చిన్నప్పుడే భర్త పోయి, నలగామరాజు కొలువులో మంత్రి అయిన ఆడది. పన్నెండో శతాబ్దంలో అంత పదవికి ఒక ఆడది ఎలా ఎక్కిందని అడిగేవాళ్లు తక్కువ, ఎంత కుట్ర చేసిందని చెప్పేవాళ్లు ఎక్కువ. ఇప్పటికీ మా వైపు నోరున్న ఆడపిల్లని "నాయకురాలు బయల్దేరింది" అని ఎత్తిపొడవటం నేను విన్నాను.

భానుమతి ఆ నాగమ్మని వేసిన తీరులో నాకు నచ్చింది ఇదీ: ఆమె నాగమ్మను మంచిదాన్ని చెయ్యబోలేదు. జాలి అడగలేదు, కన్నీళ్లు పెట్టి సంజాయిషీ ఇవ్వలేదు. సభలో మగవాళ్ల మధ్య కూర్చున్నప్పుడు ఆ కూర్చోవడంలోనే ఒక అధికారం కనిపిస్తుంది. మాట నెమ్మదిగా, తూచినట్టు వస్తుంది. కుట్ర చేసేటప్పుడు కూడా బుద్ధితో చేస్తున్నట్టే ఉంటుంది గానీ, చాడీలు చెప్పే గయ్యాళిలా ఉండదు. కథ ఆమెను ఓడించినా, తెర మీద ఆమె చిన్నదైపోదు. అలాగని సినిమా నాగమ్మకి న్యాయం చేసిందని అనను. కథ నడక పాత దారే. కాని ఆ దారిలోనే ఒక నటి తన నిబ్బరాన్ని పాత్రకి అరువిచ్చింది.

మరి ఇంత ధీమా గల మనిషి "అత్తగారి కథలు"లో ఏం చేసింది? ఆ పుస్తకాన్ని మనం నవ్వుకోవడానికి చదువుతాం. మడి, ఆచారం, ఆవకాయ జాడీలు, పనివాళ్లతో తగవులు, ఎవరి మాటా వినని ఆ పెద్దావిడ. కథ చెప్పేది కోడలు. ఆ కోడలు బయట ఎంత పేరున్న మనిషైనా, ఇంట్లో మాత్రం అత్తగారి పక్కన చేతులు కట్టుకు నిలబడి చూస్తూ ఉంటుంది. స్టూడియోలో నిర్మాతకి తలవంచని మనిషి ఇంట్లో అత్తగారి మొండితనాన్ని చూసి ముచ్చటపడటం ఏమిటని నాకు మొదట వింతగా అనిపించింది. ఆలోచిస్తే తెలిసింది. అత్తగారు కూడా తన గొంతు తాను వదులుకోని మనిషే! చదువు లేదు, లోకం తెలియదు, అయినా తను అనుకున్నది అనుకున్నట్టే చేస్తుంది. నష్టం వచ్చినా మాట మార్చదు. అచ్చం కోడలి లాగే. అందుకే ఆ నవ్వులో ఎగతాళి లేదు. ఒక మొండి మనిషి ఇంకో మొండి మనిషిని చూసి నవ్వుకున్న నవ్వది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి ఇచ్చింది గానీ, మన విమర్శకులు ఈ పుస్తకాన్ని "హాస్యం" అని ఒక మూల పెట్టేశారు. ఆడవాళ్లు వంటింటి గురించి రాస్తే అది హాస్యమో, కాలక్షేపమో అవుతుంది మరి.

"నాలో నేను"కి జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ సినీ గ్రంథం బహుమతి వచ్చింది. అది చదివితే కొన్నిచోట్ల "ఈవిడ తన గొప్ప తానే చెప్పుకుంటోందే" అని అనిపించకపోదు. అనిపించాక ఇంకో మాట కూడా అనుకోవాలి. మగవాళ్లు రాసిన ఆత్మకథల్లో ఇదే పని ఉంటే మనకి ఎప్పుడైనా పంటికింద రాయిలా తగిలిందా? అయినా ఆ పుస్తకంలో ఒక లోటుంది. ఆమె తన హద్దులు ఎలా గీసుకుందో చెబుతుంది గానీ, ఆ హద్దులకి దన్ను ఎవరిచ్చారో అంతగా నిలబడి ఆలోచించదు. సొంత స్టూడియో ఉంది, తోడుగా భర్త ఉన్నాడు, చేతిలో డబ్బుంది. ఇవి లేని మనిషి "క్షమాపణ చెప్పను" అంటే మర్నాడు పొయ్యి వెలగదు. భానుమతిలా ఉండండి అని మన ఆడపిల్లలకి చెప్పడం తేలిక. ఆమె వెనకాల ఉన్న గోడ కూడా చూపించి చెప్పాలి.

ఇప్పుడు తనని తాను చూసుకోవడానికి పెద్ద పెద్ద పేర్లు పెట్టారు, నూనెలూ సబ్బులూ కూడా ఆ పేరు మీదే అమ్ముతున్నారు. భానుమతి దగ్గర నాకు కనిపించింది అదేమీ కాదు. పూజ వేళ పూజ, పాట వేళ పాట, రాత వేళ రాత. ఎనభై ఏళ్లు బతికి 2005 డిసెంబరులో చెన్నైలో కన్నుమూసేదాకా ఆ మూడింటినీ ఇంకొకరి సౌకర్యం కోసం వదలలేదు. పద్మశ్రీ, పద్మభూషణ్ వచ్చాయి. మద్రాసులో ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపాలుగానూ పనిచేసింది. అంత పెద్ద జీవితం మనందరికీ రాదు, రానక్కర్లేదు. గోడ లేనివాళ్లకి కూడా అరగంట ఉంటుంది. అన్నం వార్చి, పిల్లల్ని బడికి పంపాక ఉండే ఆ అరగంటని పక్కింటి ముచ్చట్లకో, నిన్న మిగిలిన ఇస్త్రీకో ఇవ్వకుండా అటక మీది హార్మోనియాన్ని కిందికి దించి దుమ్ము తుడవండి. మొదటి రోజు గొంతు బిగుసుకుపోతుంది, కీచుమంటుంది. ఫరవాలేదు, అది మీదేగా!