తెగినచోట అందుకున్న గొంతు

శంకరాభరణం చివరి కచేరీలో శంకరశాస్త్రి పాడుతూ పాడుతూ గుండెనొప్పితో ఒరిగిపోతాడు. డాక్టరు పరుగున వస్తాడు. శాస్త్రి చేత్తో వద్దని వారిస్తాడు. 1980 ఫిబ్రవరి 2న ఆ సినిమా విడుదలైనప్పుడు నేను కుర్రమాస్టర్ని. ఆ సైగలో నాకు వైరాగ్యం కనిపించింది. ఇప్పుడు తెనాలిలో డయాలసిస్ మంచం మీద పడుకుని తలుచుకుంటుంటే అందులో గొప్ప ఆత్రం కనిపిస్తోంది. తన పాట తెగినచోటే శిష్యుడు శంకరం అందుకున్నాడు. అందులో ఒక్క స్వరమైనా చెవి దాటి పోకూడదు. వైద్యాన్ని ఆయన ఆపించింది వినడానికి.

ఈ ఘట్టాన్ని తీసిన కె.విశ్వనాథ్ మా రేపల్లె ప్రాంతంలోని పెదపులివర్రులో పుట్టినవారు. దర్శకుడు కాకముందు మద్రాసు వాహినీ స్టూడియోలో శబ్దగ్రహణ శాఖలో పనిచేశారు. ఆ చెవే ఇక్కడ కథ నడిపింది. కళ్ళు మూసుకుని విన్నా అంతా తెలుస్తుంది. బాలసుబ్రహ్మణ్యం నిండుగొంతు తడబడి ఆగుతుంది. ఆ ఖాళీలోకి వాణీ జయరాం లేతగొంతు వచ్చి నిలబడుతుంది. అందులో అనుకరణ మచ్చుకైనా లేదు. పాట గురువుదే, పలుకు మాత్రం పిల్లవాడిది. నా ఒళ్ళు పులకరించేది అక్కడే. శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోని బాలు చేత ఈ పాటలకు ఓపికగా సాధన చేయించింది సంగీత దర్శకుడు మహదేవన్ సహాయకుడు పుహళేంది. ఆయన తెర మీద ఎక్కడా కనబడరు, పాటలో మాత్రం ఉంటారు. పాఠాలు చెప్పి బతికినవాడికి ఆ ఉండడంలోని తీపి తెలుసు.

శాస్త్రి వేషం వేసిన సోమయాజులు ఆ నొప్పిని దాచుకోరు. నొప్పి ముఖం మీద ఉండగానే దాని మీదుగా సంతోషం పాకుతుంది. రెండూ ఒకే కళ్ళల్లో! దీన్ని కరుణమనేవాళ్ళున్నారు, భక్తి అనేవాళ్ళున్నారు. స్థాయీభావం వాత్సల్యమని నా పట్టు. అది పండి శాంతమవుతుంది.

డయాలసిస్ అంటే నాలుగు గంటలు చెయ్యి కదపకుండా పడుకోవాలి. రెండో చేతి వేలు ఫిస్టులా మీద, అంటే సూదుల కోసం ధమనినీ సిరనూ కలిపిన చోట, ఆనిస్తే లోపల రక్తం ఝుమ్మని పారడం తెలుస్తుంది, తంబురా శ్రుతిలాగా. ఆ శ్రుతి మీద నేను పాఠం చెప్పిన పిల్లలు ఒక్కొక్కరే గుర్తుకొస్తారు. నిజాంపట్నం నుంచి వచ్చి రేపల్లె హాస్టల్లో ఉండి చదివిన బెస్తవారి కుర్రాడొకడు పద్యం చదువుతూ యతి దగ్గర ఆగేవాడు కాదు. వల లాగేవాళ్ళ ఊపిరి వాడిది, పాదమంతా ఒక్క దమ్మున చదివేవాడు. ఆ అందం చెడగొట్టడానికి నాకు మనసొప్పలేదు. బాపట్లలో ఒక అమ్మాయి సత్యభామ వేషం వేసింది. సత్యభామగా పేరుపడ్డ స్థానం నరసింహారావు పుట్టిన ఊళ్ళో ఆ వేషమంటే మాటలా! అలిగే ఘట్టంలో ఆ పిల్ల మాట పెదవి దాటనివ్వలేదు. జడ నెమ్మదిగా ముందుకు వేసుకుని, చివర ఉన్న రిబ్బను ముడి విప్పి, మళ్ళీ బిగించింది. సభ మొత్తం ఆ వేళ్ళనే చూసింది. ఆ ముడి విప్పడం నేను నేర్పింది కాదు, ఏ పుస్తకంలోనూ లేదు.

ఇక్కడ నాకు సూది గుచ్చే టెక్నీషియన్ రేపల్లెలో నా దగ్గర తొమ్మిదో తరగతి చదివిన పిల్లే. "మాస్టారూ, చెయ్యి వదులుగా పెట్టండి" అంటూ, ప్లాస్టరు చించి ట్యూబు మీద అతికిస్తూ, లోలోపల ఏదో గొణుక్కుంటోంది. చెవి ఒగ్గి విన్నాను. భరనభభరవ. ఉత్పలమాల గణాలు!

"ఇదేంటమ్మా?"

"కొత్తల్లో సూది పట్టుకుంటే చెయ్యి వణికేదండి. ఇది అనుకుంటే కుదురుగా ఉండేది. అలాగే అలవాటైపోయింది."

ఉత్పలమాల నడక ఆ వేళ్ళలోకి దిగింది. పాఠం నేను చెప్పిందే. ఆ పిల్ల దాన్ని పట్టుకుని నేను ఊహించని చోటికి వెళ్ళి, అక్కడినుంచి పాడుతోంది. సూది నొప్పి తెలియలేదంటే అతిశయోక్తి అవుతుంది. తెలిసింది. దాని మీదుగానే సంతోషం పాకింది.

శాస్త్రి తన గండపెండేరం శంకరానికి ఇచ్చి కన్నుమూస్తాడు. నా దగ్గర ఇవ్వడానికి అలాంటి సొత్తు లేదు, కన్నుమూసే తొందరా లేదు. వినాల్సిన గొంతులు ఇంకా ఉన్నాయి. వచ్చేసారి చంపకమాల గణాలు అడుగుతానన్నాను. అవతలి మంచం దగ్గర మిషను కూత పెడితే అటు పరుగెత్తుతూ, "నజభజజజర... ఇంకేం అడుగుతారో అడగండి మాస్టారూ" అంది.