జరిగే తలుపుకు తిరిగే గడియ

పసుపు అమ్మిన డబ్బు చేతికి వచ్చాకే మా నవీపేట్ వైపు ఇండ్ల పనులు ఊపందుకుంటాయి. సంక్రాంతి దాటితే తవ్వకాలు, తర్వాత కొమ్ము, మండ వేరు చేసి ఉడకబెట్టడం, కళ్లంలో ఎండబోయడం, డ్రమ్ముల్లో పాలిష్ పట్టడం, నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తోలడం. ఎండలు ముదిరే సరికి ఏ అరుగు మీద కూర్చున్నా సిమెంటు, ఇసుక, తలుపుల ముచ్చటే. ఈ మధ్య ఆ ముచ్చట్లలో కొత్త తలుపు ఒకటి చేరింది. దర్వాజ పైన గోడకు ఇనుప పట్టా బిగిస్తారు. దానికి చక్రాలతో వేలాడుతూ తలుపు గోడ వెంట పక్కకు జరిగిపోతుంది. అమెరికా పల్లెల్లో గడ్డీ గింజా దాచుకునే కొట్టాలకు పెట్టుకున్న తలుపు ఇది. ముందు అక్కడి ఇండ్లలోకి వచ్చింది. అక్కడున్న మన పిల్లలు వీడియో కాల్‌లో చూపించగా ఇక్కడి మేస్త్రీల ఫోన్లలోకి ఎక్కింది.

నాకు ఈ తలుపు ఇష్టం. రెండున్నర అడుగుల మామూలు తలుపు తెరుచుకోవాలంటే దాదాపు 5 చదరపు అడుగుల నేలను ఖాళీగా వదలాలి. పసుపు సంచులు, వడ్ల సంచులు, మంచాలు, బీరువా అన్నీ ఇంట్లోనే సర్దుకునే కుటుంబానికి ఆ 5 చదరపు అడుగులు చిన్నవి కావు. పక్కకు జరిగే తలుపు ఆ నేలను మనకే మిగులుస్తుంది. పైగా అది పైనుంచి వేలాడుతుంది కాబట్టి కింద గాడి అక్కర్లేదు, తలుపు అడుగు కదిలిపోకుండా నేల మీద చిన్న గైడు ఒకటి చాలు. కింద గాడిలో నడిచే తలుపును మా ఊరి దుమ్ము ఒక్క సీజన్‌లోనే మొరాయించేలా చేస్తుంది. పాలిష్ డ్రమ్ముల నుంచి లేచే పసుపు ధూళి ఏ సందునూ వదలదు.

అయితే ఈ తలుపు కొనేవాళ్లు రంగు చూస్తారు, పట్టా డిజైన్ చూస్తారు, చక్రాలు చప్పుడు చేయకుండా నడుస్తున్నాయా లేదా చూస్తారు. తలుపు వేలాడదీశాక, చివరి రోజున అడుగుతారు, దీనికి గడియ ఎక్కడ పెట్టాలని. ఈ వారం ఆ ప్రశ్న గురించే రాస్తున్నాను. అది మొదటి రోజున అడగాల్సిన ప్రశ్న.

మా ఇంట్లో ఈ పని చేసిన వడ్లాయన దుబాయిలో చాలా కాలం తలుపుల పనే చేసి వచ్చిన మనిషి. హార్డ్‌వేర్ షాపు నుంచి నేను తెప్పించిన అడ్డ బేడాన్ని చేతిలో తిప్పి చూసి, "అక్కా, ఈ దర్వాజ పక్కకు ఉరుకుతది. బేడెం గూడ పక్కకే ఉరికితే ఇంక ఆపేటిదేంది?" అన్నాడు. జరిగే తలుపుల శాస్త్రమంతా ఆ మాటలో ఉంది.

మా పాత పెంకుటింటి దర్వాజను గుర్తు చేసుకుంటే ఆయన మాట ఇంకా బాగా తెలుస్తుంది. టేకు చెక్క రెక్కలు రెండు బందుల మీద లోపలికి తిరిగేవి. వాటి వెనుక గోడలో దాచిన అడ్డకర్రను రాత్రిపూట బయటికి లాగి అటువైపు గోడలోని బొక్కలోకి దూర్చేవాళ్లు. తలుపు లోపలికి రావాలని చూస్తే కర్ర దానికి అడ్డంగా ఉండేది. అప్పుడు తలుపు తిరిగేది, గడియ జరిగేది. ఇప్పుడు తలుపు జరుగుతోంది కాబట్టి గడియ తిరగాలి. తిరిగి, కొక్కెంలా వంగి, ఎదుటి పట్టీని వెనుక నుంచి పట్టుకోవాలి. లేదంటే తలుపు నడిచే దారికి అడ్డంగా నేలలోకో చౌకట్టులోకో దిగాలి. తలుపు ఎటు కదులుతుందో గడియ అదే దిక్కున కదిలితే, అది ఎంత ఖరీదైనదైనా తలుపుతో పాటే వెనక్కి వచ్చేస్తుంది.

ఇది మనకు కొత్త కావచ్చు గానీ లోకానికి కొత్త కాదు. జపాన్ ఇండ్లలో జరిగే తలుపులే శతాబ్దాలుగా ఉన్నాయి. తలుపు జరగకుండా ఒక కర్రను ఊతంగా నిలబెట్టి రాత్రి గడిపేవాళ్లు. తర్వాత ఒకదాని వెనుక ఒకటి నిలిచే రెండు తలుపులు కలిసే చోట, రెండింటినీ గుచ్చుకుంటూ మరమేకును తిప్పి బిగించే గడియ వాడారు. కర్ర అయినా మరమేకు అయినా తలుపు దారికి అడ్డంగా నిలిచేదే. మన పట్నాల్లో కిటికీ అద్దాలు జరగకుండా గాడిలో కర్రముక్క పెట్టే అమ్మలు కూడా ఎవరూ నేర్పకుండానే అక్కడికే చేరుకున్నారు.

మన దేశపు తాళాల పరిశ్రమ చాలావరకు తిరిగే తలుపుల చుట్టూ పెరిగింది. అర్దేశిర్ గోద్రెజ్ 1897లో బొంబాయిలో తాళాల వ్యాపారం మొదలుపెట్టాడు. ఉత్తరాన అలీగఢ్, దక్షిణాన దిండిగల్ తాళాలకు పేరుపడ్డ ఊళ్లు. దిండిగల్ తాళానికి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఆ తాళాల పనితనం గొప్పది. కానీ శనివారం మేకల సంతకు వచ్చినవాళ్లతో కిటకిటలాడే మా ఊరి హార్డ్‌వేర్ షాపులో నిలబడి చూస్తే, గోడ నిండా వేలాడేవి బయటి దర్వాజ తాళం కప్పలు, టవర్ బోల్టులు, గొళ్లాలే. కొక్కెం నాలుక ఉన్న తాళం కావాలంటే నిజామాబాద్ నుంచో హైదరాబాద్ నుంచో తెప్పించుకోవాలి. చేతికి అందినదే బిగించి సరిపెట్టుకోవడం ఇక్కడే మొదలవుతుంది.

సరిపెట్టుకోకూడదని నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా పెంకుటిండ్లలో బయటి దర్వాజకు అంత బరువైన అడ్డకర్ర ఉండేది గానీ, లోపలి అర్రలకు చాలా ఇండ్లలో గడియే ఉండేది కాదు. ఉన్న ఒకటీ అరా కూడా వడ్లు, నగలు దాచిన అర్రకు, అదీ బయటివైపు. స్నానానికి దొడ్లో తడకల చాటు. తడక మీద చీర వేలాడితే లోపల మనిషి ఉన్నట్టు గుర్తు. చంటిపిల్లకు పాలిచ్చే తల్లి, చీర మార్చుకునే కోడలు, నెలసరిలో ఉన్న ఆడపిల్ల ఎవరైనా వస్తారేమోనని ఒక చెవి అటే వేసి ఉండాల్సి వచ్చేది. ధాన్యాన్ని దొంగ నుంచి కాపాడాలని ఆ ఇల్లు కట్టినవాళ్లు ఆలోచించారు. ఆడమనిషికి కావలసిన ఆ కాసేపటి ఏకాంతం వాళ్ల లెక్కలోకి రాలేదు. మా తరం ఆడవాళ్లకు లోపలి గదికి లోపలి గడియ చాలా ఆలస్యంగా దక్కిన హక్కు. అందమైన తలుపు మోజులో దాన్ని మళ్లీ వదులుకోకూడదు.

అందుకే గడియ ఎంచుకునేటప్పుడు మొదట తేల్చుకోవాల్సింది ఆ గది ఎవరిది, ఆ గడియ ఎవరి చేతిలో ఉండాలి అన్నది. దేవుడి గదికి, వంటింటికి గడియే అక్కర్లేదు. తలుపు దానంతట అది జారకుండా నిలిస్తే చాలు. విత్తనపు పసుపు, మందులు, డబ్బు ఉండే స్టోరు గదికి బయటి నుంచి తాళంచెవితో పనిచేసే కొక్కెం తాళం కావాలి. పడకగదికి, స్నానాలగదికి లోపల చేత్తో తిప్పే గడియ కావాలి. ఒకే రకం కొని అన్ని గదులకూ బిగిస్తే స్టోరుకు బలం చాలదు, స్నానాలగదికి భద్రత చాలదు.

అన్నిటికంటే చౌక, కొక్కెమూ కన్నమూ. చౌకట్టు లోపలివైపు ఒకటి, తలుపు వెనుక ఒకటి. పెద్దగా రాకపోకలు లేని గదికి అది సరిపోతుంది. కానీ దానికి కొంత వదులు తప్పదు. బయటి నుంచి లాగితే తలుపు వేలెడు జరిగి సందు ఇస్తుంది. స్నానాలగదికి ఆ వేలెడు సందు కూడా ఎక్కువే. దానికంటే మెరుగైనది, మేకు మీద తిరిగి చౌకట్టుకు ఉన్న కొండిలో పడే ఇనుప పట్టీ. పడ్డదా లేదా కంటికి కనిపిస్తుంది, చేతికి తెలుస్తుంది. నేలలోకి దిగే బోల్టు గట్టిదే గానీ దానికోసం వంగాలి, నేలలోని రంధ్రం దుమ్ముతో పూడుతుంది. రెండు రెక్కలు అటూ ఇటూ జరిగే పెద్ద తలుపులో ఒక రెక్కను కదలకుండా నిలపడానికి దాన్ని వాడుకోవచ్చు. మోకాళ్ల నొప్పులున్నవాళ్ల గదికి మాత్రం వద్దు.

తలుపు మందంలో చెక్కి అమర్చే కొక్కెం తాళం వీటన్నిటికంటే నాజూకు, బలమైనది కూడా. అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఈ తలుపు చౌకట్టు మధ్యలో ఇమడదు, గోడ ముందు నుంచి సాగిపోతుంది. దాని అంచు దేనికీ తగలదు. కొక్కెం పట్టుకోవడానికి అక్కడ ఏదో ఒకటి ఉండాలి. అంచు వచ్చి ఆగే చోట గోడకు నిలువుగా ఒక చెక్క బద్దను బిగించి, దానికి ఎదురుపట్టీ అమర్చాలి. ఈ బద్ద సంగతి ముందే అనుకుంటే మేస్త్రీ ప్లాస్టర్ చేసేటప్పుడే చోటు విడుస్తాడు. తలుపు వెడల్పు కూడా దానికి తగ్గట్టు లెక్కేస్తాడు. చివరి రోజున అడిగితే బద్దకు చోటుండదు, మళ్లీ కొక్కెమూ కన్నమే దిక్కవుతుంది.

గడియ మంచిదైనంత మాత్రాన సరిపోదు. తలుపుకు, గోడకు మధ్య వేలెడంత ఖాళీ ఎప్పుడూ ఉంటుంది. అందుకే తలుపు దర్వాజ కంటే రెండు పక్కలా కనీసం 2 అంగుళాలు ఎక్కువ ఉండాలి. చూపును ఆపేది ఆ ఎక్కువే. చప్పుడును మాత్రం ఆపలేదు కాబట్టి, హాల్లోకి తెరుచుకునే మరుగుదొడ్డికి ఈ తలుపు వద్దనే నేను చెబుతాను. 35 మిల్లీమీటర్ల మందమున్న టేకు తలుపు 40 కిలోల దాకా తూగుతుంది. అది పట్టా మీంచి ఎగిరి పడకుండా పైన అడ్డుబిళ్లలు ఉండాలి. తలుపును పైకెత్తి పట్టా నుంచి తప్పించగలిగితే ఏ తాళమూ కాపాడలేదు. గోడవైపు పిడి బయటికి పొడుచుకు వస్తే తలుపు పూర్తిగా జరగదు. అటువైపు చెక్కలోకి ఒదిగే పిడి పెట్టాలి. వానాకాలంలో చెక్క ఉబ్బుతుంది. ఎదురుపట్టీలో 2, 3 మిల్లీమీటర్ల వదులు ఉంచకపోతే ఎండాకాలంలో చక్కగా పడ్డ గడియ శ్రావణంలో పడదు. స్నానాలగదిలో ఇనుప గడియ తుప్పు పడుతుంది. ఇత్తడిదో, 304 రకం స్టీలుదో తీసుకోవాలి. మరలు కూడా అదే లోహంవి ఉండాలి.

ఇక పెద్దవాళ్ల సంగతి. మా అత్తమ్మవి బతుకంతా పసుపు కొమ్ములు విరిచిన చేతులు. ఇప్పుడు ఆ వేళ్లు సన్నని నాబ్‌ను పట్టి తిప్పలేవు. సబ్బు చేత్తో అయితే అసలే తిప్పలేవు. ఆమె స్నానాలగదికి అరచేతితో నెట్టినా తిరిగే పొడవాటి పిడి ఉన్న గడియ పెట్టించాం. నేల నుంచి 3 అడుగుల పైచిలుకు ఎత్తులో, నిలబడ్డా స్టూలు మీద కూర్చున్నా చేయి అందేలా. బయటివైపు ఆ గడియకు చిన్న గాడి ఉంటుంది. అందులో రూపాయి బిళ్ల పెట్టి తిప్పితే కొక్కెం వదులుతుంది.

ఆ గాడి గురించి మేస్త్రీలు పట్టించుకోరు, నేను మాత్రం దాన్నే ముందు అడుగుతాను. మనిషి స్నానాలగదిలో జారి తలుపుకు అడ్డంగా పడితే, లోపలికి తెరుచుకునే తలుపును బయటివాళ్లు నెట్టలేరు. అందుకే మన జాతీయ భవన నిర్మాణ నియమావళి దివ్యాంగుల మరుగుదొడ్డికి తలుపు బయటికి తెరుచుకోవాలని, కనీసం 900 మిల్లీమీటర్ల దారి ఉండాలని చెప్పింది. పక్కకు జరిగే తలుపుకు ఆ అడ్డంకి పుట్టుకతోనే లేదు. మనిషి ఎక్కడ పడ్డా తలుపు గోడ వెంట జరిగిపోతుంది. ముసలివాళ్లున్న ఇంటికి ఇంతకంటే మంచి తలుపు లేదని నేను నమ్మేది అందుకే. కానీ లోపల కొక్కెం పడి, బయట గాడి లేకపోతే ఆ మేలంతా వృథా. తలుపు పగలగొట్టే లోపు జరగరానిది జరుగుతుంది.

బయటి నుంచి తీయగలిగే గడియ ఏకాంతానికి భంగం కాదా అని ఒక చెల్లె అడిగింది. న్యాయమైన అనుమానమే. ఆ గాడి చేతితో తిరగదు, బిళ్ల కావాలి. పొరపాటున తలుపు లాగినవాళ్లకు అది తెరుచుకోదు, కావాలని నిలబడి తిప్పాలి. ఇంట్లోవాళ్లు ఆపదలో తప్ప ఆ పని చేయరన్న నమ్మకం ఉన్న ఇంటికి అది చాలు. ఆ నమ్మకం లేని ఇంట్లో ఆడపిల్ల గదికి గాడి లేని గట్టి కొక్కెం తాళమే పెట్టండి, తాళంచెవి ఆమె చేతికే ఇవ్వండి. ఆ ఇంట్లో సరిచేసుకోవాల్సినవి వేరే ఉన్నాయి, అవి సరయ్యే దాకా ఆ పిల్లకు ఆ తాళం ఉండాలి.

ఈ ఎండాకాలం ఇల్లు కట్టేవాళ్లకు నా విన్నపం ఇది. తలుపు ఫొటో మేస్త్రీకి చూపించే ముందు ఇంట్లో ఆడవాళ్లను, పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఏ గదికి ఎలాంటి గడియ కావాలో అడగండి. వాళ్లు చెప్పింది కాగితం మీద రాసి, తలుపు కొలతలు తీయకముందే వడ్లాయన చేతిలో పెట్టండి. షాపులో లేని కొక్కెం తాళాన్ని, గాడి ఉన్న గడియను పేరుపెట్టి అడగండి. నలుగురు అడిగితే షాపతను తెప్పిస్తాడు. పదిమంది కొంటే మా ఊరి షాపు గోడ మీద తాళం కప్పల పక్కన అవీ వేలాడతాయి. తలుపు ఖర్చులో గడియ ఖర్చు కొంతే. ఆ కొంత దగ్గర బేరం చేయకండి.