ఏరి పోయు యంత్రము, దాని పట్టిక: ఒక విమర్శ

యంత్రము పొరపాటు చేయదను మాట ప్రయోగశాలలలో తరచుగా వినబడుచుండును. ఈ మాటలో సగము నిజము కలదు. మిగిలిన సగమును పరీక్షించి చూచుటకు విశాఖపట్నము తగిన స్థలము. ఈ నగరమున ఓడరేవు కలదు, ఉక్కు కర్మాగారము కలదు, వైద్య కళాశాలయు, విశ్వవిద్యాలయమును కలవు. వైద్య పరికరముల తయారీకై 2018లో ప్రారంభమైన ప్రత్యేక క్షేత్రము కూడ ఇచ్చటనే యున్నది. రేవులో దిగిన పెట్టె, కర్మాగారములో చల్లారిన ఉక్కుముక్క, ఆసుపత్రిలో రోగి గొంతునుండి తీసిన నమూనా - ఈ మూడింటిని గురించియు మొదట అడుగవలసిన ప్రశ్న ఒక్కటే. ఇది ఎవరిది?

కొలిచిన ద్రవమును ఒక పాత్రనుండి మరియొక పాత్రకు మార్చు పిపెట్టును కళాశాల విద్యార్థులందరు నెరుగుదురు. ఆ పనినే తనంతట తాను చేయు యంత్రములు నేడు జీవశాస్త్ర ప్రయోగశాలలలో సామాన్యమైనవి. యంత్రమునకు ఒక బల్ల, దానిపై పట్టాలవంటి కమ్ములు, వానిమీద కదలు ఒక చేయి ఉండును. చేతి చివర పిపెట్టు ఉండును. బల్లమీద గుంటల పళ్ళెములను పెట్టుదురు. పళ్ళెమునకు 8 అడ్డు వరుసలు, 12 నిలువు వరుసలు, మొత్తము 96 గుంటలు. గుంటకును గుంటకును నడుమ దూరము 9 మిల్లీమీటర్లు. అడ్డు వరుసలకు ఎ మొదలు హెచ్ వరకు అక్షరములు, నిలువు వరుసలకు 1 మొదలు 12 వరకు అంకెలు. మొదటి గుంట ఎ1, చివరి గుంట హెచ్12. గుంటల పళ్ళెమును 1951లో హంగరీ దేశమున గ్యూలా టకాచీ అను వైద్యుడు ఇన్‌ఫ్లుయెంజా పరీక్షలకై మొట్టమొదట తయారుచేసెను.

పళ్ళెములోని గుంటలన్నింటినుండి వరుసగా ద్రవమును మార్చుట యంత్రమునకు తేలిక. కొన్నింటిని మాత్రమే ఏరి మార్చవలసినపుడు కష్టమంతయు వచ్చును. ఈ పనిని ఆంగ్లమున చెర్రీపండ్లు ఏరుటతో పోల్చి పిలుతురు. తెలుగు ఇండ్లలో బియ్యమునందలి రాళ్ళను ఏరుట ఇంతకంటె దగ్గరి పోలిక. కాని ఒక భేదము కలదు. చేటలో బియ్యము పోసికొని కూర్చున్న ఇల్లాలు రాతిని చూచి ఏరును. యంత్రము దేనిని చూడదు. దానికి తెలిసినది చిరునామా మాత్రమే. సి2 అన్నచో సి2కు పోవును. అందున్నది రోగి నమూనాయా, మంచినీరా, ఒట్టి గాలియా అను విచారణ దానికి లేదు.

ఆ చిరునామాలను యంత్రమునకు అందించునది ఒక పట్టిక. కావున విమర్శింపవలసినది యంత్రపు చేతిని కాదు, పట్టికను. అమెరికాలోని ఓపెన్‌ట్రాన్స్ సంస్థ తన ఓటి-2 అను యంత్రమునకై అందరికి అందుబాటులో నుంచిన ఏరివేత పట్టికను ఉదాహరణముగా తీసికొనవచ్చును. అందులో ఎనిమిది గడులు కలవు: మూలపాత్ర రకము, బల్లపై దాని స్థానము, మూలపు గుంట, అడుగునుండి ఎంత ఎత్తున ద్రవమును పీల్చవలెను, గమ్యపాత్ర రకము, దాని స్థానము, గమ్యపు గుంట, ఎన్ని మైక్రోలీటర్లు. ఒక్కొక్క పంక్తి ఒక్కొక్క ఆజ్ఞ. పది గుంటలను ఏరవలెనన్న పది పంక్తులు వ్రాసిన చాలును.

ఈ పట్టికలో మెచ్చుకొనదగిన గుణములు కొన్ని కలవు. ఇది దాపరికము లేనిది. కార్యక్రమ రచన తెలియని విద్యార్థియు దీనిని చదివి అర్థము చేసికొనగలడు. అడుగునుండి ఎత్తును విడిగా అడుగుట అనుభవజ్ఞులు చేసిన పని. గుంటలో ద్రవము ఒక మిల్లీమీటరు లోతున మాత్రమే యుండి, పట్టికలో రెండు మిల్లీమీటర్లని వ్రాసినచో పిపెట్టు గాలిని పీల్చును. ఓటి-2కు ద్రవమట్టమును గుర్తించు శక్తి లేదు గనుక గాలినే మరియొక గుంటలో వదలి, పని ముగిసినదని తెలుపును. ఆ సంస్థవారి తరువాతి యంత్రమైన ఫ్లెక్స్ లో పీడనమును కొలిచి ద్రవమున్నదో లేదో తెలిసికొను ఏర్పాటు కలదు.

ఇక లోపము. ఎనిమిది గడులలో ఎచ్చటను "ఇది ఎవరిది?" అను ప్రశ్నకు జవాబు లేదు. గుంట పేరున్నది గాని నమూనా పేరు లేదు. ఇందుకు పట్టికను తయారుచేసినవారిని నిందింపనక్కరలేదు. వారు చూపినది కనీసపు మాదిరి. ఆ మాదిరినే పూర్తి విధానముగా భావించుట ప్రయోగశాలల తప్పు.

ఈ లోపమువలన కలుగు హాని ఎంతటిదో ఒక లెక్కవలన తెలియును. 2020లో కోవిడ్ వ్యాపించినపుడు విశాఖపట్నములోని ఆంధ్ర వైద్య కళాశాల మొదలు దేశమంతటను ప్రయోగశాలలు వేలకొలది నమూనాలను పరీక్షింపవలసివచ్చెను. ఆ యేడు ఏప్రిల్ నెలలో భారత వైద్య పరిశోధన మండలి నమూనాలను కలిపి పరీక్షించుటకు అనుమతి నిచ్చినది. వ్యాధి నూటికి ఇద్దరికంటె తక్కువమందిలో కనబడు ప్రాంతములలో ఐదింటికి మించకుండ కలుపవచ్చునని నియమము. ఈ ఉపాయము క్రొత్తది కాదు. 1943లో రాబర్ట్ డార్ఫ్‌మన్ అను అమెరికా దేశీయుడు సైన్యమున చేరువారి రక్తపరీక్షలకై దీనిని సూచించెను. 90 మంది నమూనాలను ఐదేసి చొప్పున కలిపినచో 18 మిశ్రమములగును. అందరిలో ఒక్కడే రోగి యైనచో ఒక్క మిశ్రమములో మాత్రమే వ్యాధి కనబడును. ఆ ఐదుగురిని విడివిడిగా మరల పరీక్షించిన చాలును. 18కి 5 చేర్చగా 23. తొంబది పరీక్షలకు బదులు ఇరువదిమూడు!

ఇచ్చటనే ఏరివేత వచ్చును. మూడవ మిశ్రమములో వ్యాధి కనబడినదనుకొందము. అనగా 11 మొదలు 15 వరకు గల నమూనాలను మూలపు పళ్ళెమునుండి ఏరవలెను. ఆ పళ్ళెమును నింపినవారు పైనుండి క్రిందికి, నిలువు వరుసలలో నింపిరి. అప్పుడు ఆ ఐదు నమూనాలుండు గుంటలు సి2, డి2, ఇ2, ఎఫ్2, జి2. పట్టిక వ్రాసినవారు పుస్తకము చదువునట్లు ఎడమనుండి కుడికి, అడ్డముగా లెక్కించిరి. వారు వ్రాసిన గుంటలు ఎ11, ఎ12, బి1, బి2, బి3. రెండు జాబితాలలో ఒక్క గుంటయు కలియలేదు. యంత్రము మాత్రము ఆజ్ఞను తు.చ. తప్పక పాటించి 81, 89, 2, 10, 18 సంఖ్యలుగల నమూనాలను పోయును. ఐదింటిలోను వ్యాధి కనబడదు. మిశ్రమములో కనబడినది భ్రమయని కొట్టివేయుదురు. నిజమైన రోగి ఆరోగ్యవంతుడనిపించుకొని ఇంటికి పోయి తన తల్లిదండ్రులనడుమ భోజనమునకు కూర్చుండును.

ఇందులో యంత్రము చేసిన పొరపాటు లేదు. పిపెట్టు మైక్రోలీటరు తప్పలేదు. నింపినవారును, వ్రాసినవారును ఎవరి పద్ధతి వారు సరిగా పాటించిరి. రెండు పద్ధతులు కలియలేదు, అంతే. అయినను ఈ కథలో హెచ్చరిక ఒకటి దాగియున్నది. మిశ్రమములో వ్యాధి కనబడి, అందులోని ఐదింటిలో దేనియందును కనబడకున్నచో ఎచ్చటనో లెక్క తప్పియుండవచ్చునని అర్థము. మిశ్రమ ఫలితమును కొట్టివేయుటకు ముందు పట్టికను మరల చదువుట మొదటి కర్తవ్యము.

ఇప్పుడు రేవువైపు చూడవలెను. విశాఖ బాహ్యరేవులో ఓడలనుండి ఇనుపపెట్టెలను దింపు పెద్ద క్రేనులు కలవు. అవియు ఏరివేత యంత్రములే. వందలకొలది పెట్టెలలో పట్టికలోనున్న పెట్టెనే ఎత్తవలెను. అంతర్జాతీయ నియమము ననుసరించి ప్రతి పెట్టెపైన నాలుగు అక్షరములు, ఆరు అంకెలు, వాని ప్రక్కన మరియొక అంకె ఉండును. ఈ చివరి అంకె సాక్షి వంటిది. ప్రతి అక్షరమునకు ఒక విలువ నిచ్చి, అక్షరములను అంకెలను వరుసగా 1, 2, 4, 8 ... 512లతో గుణించి, కూడి, 11తో భాగింపగా మిగిలినది ఆ అంకె. (10 మిగిలినచో 0 వేయుదురు.) సి.ఎస్.క్యూ.యు. 305438 అను సంఖ్యకు మొత్తము 6185. దానిని 11తో భాగింపగా శేషము 3. కావున పెట్టెపై చివర 3 అని వ్రాయుదురు. గుమాస్తా తొందరలో 54ను 45గా వ్రాసినచో మొత్తము 6249 అగును, శేషము 1. సాక్షి ఒప్పుకొనడు, తప్పు అక్కడికక్కడే బయటపడును.

గుంట చిరునామాకు ఇట్టి సాక్షి లేడు. సి2కు బదులు డి2 అని వ్రాసినను అదియు సరియైన చిరునామాయే. తప్పుగా వ్రాసిన చిరునామా తప్పుగా కనబడకపోవుటయే ఈ పట్టికకుగల మౌలికమైన దోషము. ఉక్కు కర్మాగారమున ఈ విషయమును బాగుగా ఎరుగుదురు. కరగిన ఉక్కునుండి నమూనా తీసి, చల్లార్చి, ముఖమును నునుపుచేసి, విద్యుత్ రవ్వను పుట్టించి, ఆ వెలుగునుబట్టి కర్బనము, మాంగనీసు ఎంతెంత గలవో తెలిసికొందురు. ప్రతి విడత ఉక్కునకు ఒక సంఖ్య ఉండును. ఆ సంఖ్య నమూనాను విడువరాదు. విడిచినచో ఒక విడతలో కలుపవలసినది మరియొక విడతలో కలియును. ఇనుపపెట్టెకును, ఉక్కుముక్కకును ఉన్న రక్షణ మనిషి గొంతులోని నమూనాకు లేకుండుట న్యాయము కాదు.

దీనికి చికిత్స కష్టమైనది కాదు. పట్టికకు తొమ్మిదవ గడిని చేర్చి, అందు నమూనా సంఖ్యను వ్రాయవలెను. పళ్ళెమును నింపునపుడే ఏ గుంటలో ఏ నమూనా యున్నదో తెలుపు జాబితాను విడిగా దాచవలెను. యంత్రము కదలుటకు ముందు రెండింటిని కంప్యూటరుచే పోల్చిచూడవలెను. పట్టికలో సి2, నమూనా 11 అనియు, జాబితాలో సి2, నమూనా 11 అనియు ఉన్నపుడే పని సాగవలెను. రెండు సాక్ష్యములు కలిసినచో అదియే పెట్టెమీది చివరి అంకెకు సమానము. ఇందువలన కొంత కాలము పట్టునని ఆక్షేపింపవచ్చును. చారల గుర్తులను చదువు సాధనముతో నాళికలను గుర్తించుట క్షణములలో ముగియు పని. తప్పిన ఫలితమును వెదకి సరిదిద్దుటకు రోజులు పట్టును.

మరి మూడు జాగ్రత్తలు కూడ అవసరము. మొదటిది, పట్టికను అక్షరక్రమమున అమర్చరాదు. కంప్యూటరు ఎ1 తరువాత ఎ2ను గాక ఎ10ని ఉంచును. 007 అను నమూనా సంఖ్యను 7గా మార్చుటయు దానికి అలవాటే. రెండవది, పళ్ళెపు కోసిన మూలను చూచి పెట్టవలెను. పళ్ళెము తలక్రిందులుగా తిరిగినచో ఎ1 చోటికి హెచ్12 వచ్చును. యంత్రము దానిని గ్రహింపలేదు. మూడవది, ప్రతి నమూనాకు పిపెట్టు మొనను మార్చవలెను. ఖర్చు తగ్గించుటకు ఒకే మొనను వాడు వీలును పై మాదిరిలో కలదు. కాని ఒక చుక్కలో వేయవవంతు అంటుకొని పోయినను, పి.సి.ఆర్. పరీక్షలో నలుబది ఆవృత్తులు ముగియునప్పటికి దానిలోని అణువు లక్షకోట్ల రెట్లు కాగలదు.

వీనిలో కొన్నింటిని సరిచూచుటకు చౌకయైన పద్ధతి ఒకటి కలదు. ఏరవలసిన గుంటలలో నీలిరంగు నీటిని, మిగిలిన గుంటలలో మామూలు నీటిని పోసి యంత్రమును నడుపవలెను. గమ్యపు పళ్ళెములో రంగులేని గుంట ఒక్కటి కనబడినను పట్టిక తప్పని తెలియును. అసలు నమూనా ఒక చుక్కయైనను ఖర్చుకాదు.

ఉన్నత పాఠశాలలలో ఇట్టి యంత్రములు లేవు. అయినను ఈ పాఠము చెప్పుటకు యంత్రము అక్కరలేదు. నేలపై సుద్దతో 96 గళ్ళు గీసి, 1 మొదలు 90 వరకు అంకెలు వ్రాసిన చీటీలను బోర్లించి పెట్టవలెను. ఒక విద్యార్థి పట్టిక వ్రాయవలెను. మరియొకడు చీటీలను తిప్పిచూడక, పట్టికలోని గళ్ళనుండి మాత్రమే ఏరి తేవలెను. చివరకు చీటీలను తిప్పినపుడు కావలసిన అంకెలు వచ్చినవా, లేదా తెలియును. రానిచో తెచ్చినవానిని ఎవరును తప్పుపట్టరు, వ్రాసినవాని పట్టికనే చూతురు. ప్రయోగశాలలో యంత్రము విషయమునను చేయవలసినది అదియే.