రాక్షసులకు కాగితమే మేలు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో వీరుడు ఏళ్ల తరబడి బతుకుతాడు. ఆడే మనిషి అతనికి పేరు పెట్టుకుంటాడు, గతం అల్లుకుంటాడు, ప్రతి ఆటకీ అతన్నే వెంట తెచ్చుకుంటాడు. రాక్షసుడి సంగతి వేరు. ఒక సాయంత్రం బల్ల మీదికి వస్తాడు, గంటసేపు హడలెత్తిస్తాడు, చస్తాడు. మళ్లీ ఆట కూడేనాటికి అతని చోట మరో జాతి ప్రాణి సిద్ధంగా ఉండాలి. వీరుడికి లోహపు బొమ్మ అందమైతే, రాక్షసుడికి కాగితపు బొమ్మ అవసరం. ఇంట్లోనే ప్రింటు తీసి, మడిచి, కత్తిరించి నిలబెట్టే ఈ బొమ్మల్ని చాలామంది డబ్బు చాలనివాళ్ల సర్దుబాటుగా చూస్తారు. నేనలా అనుకోను. అదొక పనితనం. రాక్షసుడు ఆటలో చేయాల్సిన పనికి అంతకంటే తగిన సాధనం నాకు కనిపించలేదు.

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ఈ ఆట 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి వెలువడింది. కొందరు వీరుల పాత్రలు తీసుకుంటారు. కథ నడిపే ఒక్కరు, అంటే డంజన్ మాస్టర్, రాక్షసులతో సహా మిగతా లోకాన్నంతా ఆడిస్తారు. దెబ్బ తగిలిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. పోరాటంలో ఎవరెక్కడున్నారో అందరికీ కనబడడానికి గళ్ల పటం పరిచి బొమ్మలు నిలుపుతారు.

రాక్షసుల బొమ్మల కరువు ఆ తొలి రోజుల నుంచీ ఉంది. గైగాక్స్ హాంకాంగ్‌లో తయారైన చవక ప్లాస్టిక్ జంతువుల్ని తెచ్చి బల్ల మీద వాడుకున్నారు. ఇనుమును తుప్పు పట్టించి తినే రస్ట్ మాన్‌స్టర్, గుడ్లగూబ తలతో ఉండే ఎలుగుబంటి ఔల్‌బేర్ ఆ బొమ్మల వింత ఆకారాల్లోంచే పుట్టాయి. అక్కడ దొరికిన బొమ్మను బట్టి రాక్షసుడు తయారయ్యాడు. కాగితం ఈ వరుసను తిరగేసింది. ముందు రాక్షసుణ్ని ఊహించుకోవచ్చు, బొమ్మ తర్వాత వస్తుంది.

కాగితంతో సైన్యాలు నిలబెట్టడం పాత విద్యే. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో 18వ శతాబ్దం నుంచే కాగితపు సైనికుల్ని అచ్చువేసేవారు. ఫాంటసీ ఆటల్లోకి వస్తే, 1980లో స్టీవ్ జాక్సన్ గేమ్స్ సంస్థ డెనిస్ లూబే గీసిన బొమ్మలతో కార్డ్‌బోర్డ్ హీరోస్ విడుదల చేసింది. ఇళ్లలోకి రంగుల ప్రింటర్లు వచ్చాక చిత్రకారులు నేరుగా పీడీఎఫ్‌లు అమ్మడం మొదలుపెట్టారు. గాబ్లిన్ అనే పొట్టి రాక్షసుడి బొమ్మను ఒకటి కొన్నవాడు అవసరమైతే దాన్ని ముప్ఫైసార్లు ప్రింటు తీసుకుంటాడు.

ఇందులో మొదటి నేర్పు చిత్రకారుడిది. ఒకే పట్టీ మీద ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి, తలలు కలిసేలా రెండు బొమ్మలుంటాయి. తల దగ్గర మడిస్తే రెండూ వీపులు ఆనించి నిలుస్తాయి. రెండింటి అంచులూ అచ్చంగా సరిపోవాలి కనుక వెనకవైపు రూపురేఖ ముందుదానికి అద్దంలో ప్రతిబింబంలా ఉండాలి. బొమ్మ చుట్టూ మందపాటి నల్లగీత వేస్తారు. కత్తెర కాస్త పక్కకు పోయినా ఆ గీత కాచుకుంటుంది, రంగురంగుల పటం మీద ఆకారాన్ని విడదీసి చూపిస్తుంది. బల్ల అవతలి కొసన కూర్చున్నవాళ్లు కూడా ఒక్క చూపులో ఆ ప్రాణి ఏదో పోల్చుకోగలగాలి.

మిగతాది మన చేతిపని. స్టేషనరీ షాపుల్లో దొరికే 160 నుంచి 200 జీఎస్‌ఎం ఐవరీ కాగితం బాగుంటుంది. అంతకంటే పలచనైతే వంగుతుంది, మరీ మందమైతే ఇంటి ప్రింటరులో ఇరుక్కుంటుంది. అమెరికా నుంచి వచ్చే ఫైళ్లు చాలావరకు లెటర్ సైజువి, మన దగ్గర వాడేది ఏ4. ప్రింటరు తనంతట తాను పేజీకి సర్దితే బొమ్మ కుంచించుకుపోతుంది, అందుకని 100 శాతం కొలతలోనే తీయాలి.

మడత గీత మీద స్టీలు స్కేలు ఆనించి, ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో గట్టిగా గీయాలి. అలా గీస్తే మడత తిన్నగా పడుతుంది, రంగు పగలడం తగ్గుతుంది. నీళ్ల జిగురు కాగితాన్ని ముడతలు పెడుతుంది కనుక గ్లూ స్టిక్ మేలు. అంటించి, బరువైన పుస్తకాల కింద ఆరనిచ్చాకే కత్తిరించాలి. ముందే కత్తిరిస్తే రెండు వైపులూ కలవవు. కత్తెరను కాకుండా కాగితాన్ని తిప్పుతూ కోయాలి. చివరగా కోసిన అంచు వెంట నల్ల మార్కరు నడిపించాలి. ఆ తెల్లని అంచు మాయమయ్యాక బొమ్మ తీరే మారిపోతుంది.

పీఠానికీ లెక్కుంది. పటంలో అంగుళం గడి ఐదడుగుల నేలకు సమానం. గాబ్లిన్ ఒక్క గడిలో సరిపోతాడు. భారీకాయుడైన ఆగర్‌కు రెండు గళ్ల పొడవు, రెండు గళ్ల వెడల్పు కావాలి. పురాతన డ్రాగన్ అయితే పొడవునా వెడల్పునా నాలుగేసి గళ్లు ఆక్రమిస్తుంది. నిలబెట్టడానికి చీలిక ఉన్న ప్లాస్టిక్ పీఠం, బైండర్ క్లిప్పు, ఇనుప వాషరు ఏదైనా పనికొస్తుంది. పక్కనుంచి చూస్తే పలచటి బొమ్మ గీతలా మిగిలిపోతుందన్నది నిజమే. దానికీ ఉపాయాలున్నాయి. త్రికోణపు గుడారంలా మడవడం ఒకటి, గాట్లు పెట్టి రెండు ముక్కల్ని అడ్డంగా దూర్చడం మరొకటి. డ్రాగన్‌కు రెక్కల్ని విడిగా కోసి గాట్లలో తొడిగితే ఆ ఆకారమే వేరు.

గుంపుగా దండెత్తే రాక్షసులకు ఈ పద్ధతి మరీ నప్పుతుంది. కొద్దిపాటి కాగితాల్లో ఇరవైమంది గాబ్లిన్లు తయారవుతారు. పీఠాలకు అంకెలు వేస్తే ఎవరికెంత ప్రాణం మిగిలిందో రాసుకోవచ్చు. ఆట ముగిశాక అందరూ ఒక్క కవరులో సర్దుకుంటారు. చిరిగినవాడి స్థానంలో మరొకణ్ని ప్రింటు తీయడమే.

మనవాళ్లు తప్పక చేయాల్సిన పని ఒకటుంది. ఆటలోని ప్రాణుల్ని వివరించే 1977 నాటి మాన్‌స్టర్ మాన్యువల్ పుస్తకంలో ‘రాక్షస’ అన్న పేరుతోనే పులి తల ప్రాణి ఒకటుంది. మన కథల్లో విన్న రాక్షసుడు అలా ఉండడు. కోరలు, మీసాలు, గద ఉన్నవాణ్ని, లేదా మర్రిచెట్టు మీది బ్రహ్మరాక్షసుణ్ని బల్ల మీద నిలపాలనుకునేవాళ్లు ఏ కంపెనీ కోసమూ ఎదురుచూడనక్కర్లేదు. గీయడం వచ్చిన స్నేహితుడొకడు, స్కానరొకటి చాలు. ఇంట్లో ఉన్న బొమ్మల్ని చూసి కథ అల్లుకునే అవసరం అక్కడితో తీరిపోతుంది. కథకు ఏ రాక్షసుడు కావాలో ముందు తేల్చుకుని, ఆ రాత్రికే వాణ్ని తయారుచేసుకోగలగడమే కాగితం ఇచ్చే అసలైన బలం.